“ఎటకారమండి, అంతే” అనే వీడియోల గురించి

మామూలు మనుషులను ఎగతాళి చేసే యూట్యూబ్ ‘రోస్ట్’ వీడియోల డిస్క్రిప్షన్‌లో “సెటైర్ అండి, సీరియస్‌గా తీసుకోకండి” అని ఒక లైను ఉంటుంది. పైన తంబ్‌నెయిల్‌లో ఒకావిడ ముఖం, నోరు సగం తెరుచుకున్న క్షణం దగ్గర ఆపిన బొమ్మ, చుట్టూ ఎర్ర గుండ్రం. ఇలా ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే వచ్చే జవాబు ఇంకా కష్టపెడుతుంది: “ఎటకారం మా గోదారోళ్ళ రక్తంలోనే ఉందండి, ఆయ్.”

ఈ జవాబు తప్పు. మన వెటకారానికి ఒక పద్ధతి ఉంది. అరుగు మీదో, టీ కొట్టు బల్ల మీదో సాగే వెటకారంలో మాట పడ్డవాడు ఎదురుగానే ఉంటాడు. తిరిగి ఒకటి అంటాడు. నలుగురూ నవ్వుతారు, గ్లాసు కింద పెట్టేసరికి అది అయిపోతుంది. పగటి వేషగాళ్ళు ఊళ్ళో మకాం వేసి, రోజుకో వేషం కట్టి, పెద్దమనుషులను ఎంత ఎగతాళి చేసినా చివర్లో సంభావనకి ఆ గుమ్మాల్లోకే వెళ్ళాలి. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి ఏకిపారేసింది లంచాలు మరిగిన కోర్టు ఉద్యోగులను, ప్లీడర్లను. అంటే ఎదురు దెబ్బ కొట్టగల స్తోమత ఉన్నవాళ్ళను. రోస్ట్ అనే వేడుక కూడా అలాంటిదే. న్యూయార్క్‌లో ఫ్రయర్స్ క్లబ్ వాళ్ళు తాము సన్మానించే మనిషినే, ఆయన ఒప్పుకోలుతో, వేదిక మీద కూర్చోబెట్టి ఆటపట్టించేవారు. వీటన్నిటిలోనూ మాట పడ్డ మనిషికి తిరిగి అనే వీలుంది. ఆ వీలు తీసేశాక దాన్ని వెటకారం అనకూడదు, ఏడిపించడం అనాలి.

ఇలాంటి వీడియో ఎలా తయారవుతుందో దగ్గర్నుంచి చూద్దాం. ఆత్రేయపురం వైపు ఒకావిడ పూతరేకులు వేస్తూ ఆరు నిమిషాల వీడియో పెట్టిందనుకోండి. రెండో నిమిషంలో రేకు చిరుగుతుంది. “కుండ ఇంకా సరిగ్గా కాగలేదండి, అందుకే చిరిగింది, మళ్ళీ వేద్దాం” అని నవ్వుతుంది. ఏడిపించేవాడు తీసుకునేది తొమ్మిది సెకన్లు: రేకు చిరగడం, ఆవిడ నవ్వడం. మధ్యలో ఉన్న “కుండ కాగలేదు” అన్న ముక్క కోసేస్తాడు. అలా కోసిన చోటే అబద్ధం మొదలవుతుంది, ఎందుకంటే తను చేస్తున్న పని ఆవిడకి తెలుసని చెప్పే వాక్యం అదొక్కటే. ఆ తర్వాత ముఖాన్ని జూమ్ చేసి, నవ్వును మూడుసార్లు తిప్పి, దాని మీద ఏదో సినిమా డైలాగ్ శబ్దం అతికిస్తాడు. మొదటి అర నిమిషం రేకు గురించి మాట్లాడతాడు. అక్కణ్ణుంచి ఆవిడ పళ్ళు, ఒళ్ళు, వెనక కనబడే రేకుల కప్పు, యాస, మొగుడు. చివర్లో పిన్ చేసిన కామెంటు: “పార్ట్ 2 కావాలా?”

ఆ ప్రశ్న వెనక డబ్బు లెక్క ఉంది. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. ఆ గీత దాటాక పొడుగు వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌లో తన వంతుకి లెక్కకట్టిన దాంట్లో 45 శాతం చేతికొస్తుంది. కొత్త విషయం మీద వీడియో చేస్తే జనం చూస్తారో లేదో తెలియదు. నిన్న జనం తిట్టిపోసిన ముఖమే ఇవాళా పెడితే చూస్తారని తెలుసు. ఒక్క మనిషి మీద ఆరు వీడియోలు వచ్చేది ఇందుకే. ఆవిడ ఏడుస్తూ జవాబు వీడియో పెడితే అది ఏడో వీడియోకి సరుకు.

సెటైరా, ఏడిపించడమా అని తేల్చుకోవడానికి ఒక కాగితం చాలు. వీడియోలో ఉన్న మాటలన్నీ రాయండి. ప్రతి వాక్యం పక్కన ఒక గుర్తు పెట్టండి: ఆ మనిషి చేసిన పని గురించైతే ‘ప’, అన్న మాట గురించైతే ‘మ’, రూపం గురించైతే ‘రూ’, ఇల్లు, కులం, డబ్బు, కుటుంబం గురించైతే ‘ఇ’. తర్వాత ‘రూ’, ‘ఇ’ ఉన్న వాక్యాలన్నీ కొట్టేసి, మిగిలింది చదవండి. ఇంకా నవ్వొస్తే అది సెటైరే. కొట్టేశాక రెండు వాక్యాలే మిగిలితే ఆ వీడియో దేనికోసం చేశారో తెలిసిపోతుంది. రెండో పరీక్ష ముఖం మూసి చూడటం. వేసవిలో కాలువ మూసినన్నాళ్ళూ పట్టించుకోకుండా, నీళ్ళు వదిలాక గుర్రపు డెక్క (కాలువలో పెరిగే కలుపు) తీయిస్తున్నట్టు ఫొటోలు దిగే నాయకుడి మీద వీడియో చేశారనుకోండి. ఆయన ముఖం మసక చేసినా, పేరు తీసేసినా ఆ వెటకారం నిలబడుతుంది, ఎందుకంటే నవ్వు పుట్టించేది ఆ గుర్రపు డెక్క. పూతరేకుల వీడియోలో ముఖం మూసేస్తే ఏమీ మిగలదు.

మన ప్రాంతంలో ఇక్కడే ఇంకో చిక్కుంది. “నేను పేరు చెప్పలేదు కదా” అంటారు. డెల్టాలో పేరు చెప్పక్కర్లేదు. ఫలానా లంక అని, పంచాయతీ ఆఫీసు పక్క సందు అని, ఇంటిపేరులో మొదటి అక్షరం అని చెబితే చాలు, మనిషే కాదు, కులం కూడా తెలిసిపోతుంది. ఆ రాత్రికే కామెంట్లు వంట వదిలేసి కులం మీద పడతాయి. అది తెలిసే ఊరి పేరు చెబుతారు. ఎస్సీ, ఎస్టీలను నలుగురి ముందూ కులం పేరుతో తిడితే అట్రాసిటీల నిరోధక చట్టంలోని 3(1)(ఎస్) కింద నేరం. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోకి కూడా ఇది వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లో ఒక యూట్యూబర్ ముందస్తు బెయిలు కేసులో చెప్పింది.

వీడియో మీ ఇంట్లోవాళ్ళ మీద వచ్చిందనుకోండి. మొదట చేసే పొరపాటు, “చూడండి ఎలా తిట్టాడో” అని ఆ లింకునే చుట్టాల గ్రూపుల్లో పెట్టడం. వచ్చే వ్యూస్ అన్నీ వాడి ఖాతాలోకే. రెండో పొరపాటు భయపడి సొంత వీడియో డిలీట్ చేయడం. చేయకండి. కోసేసిన ఆ “కుండ కాగలేదు” అన్న వాక్యం ఉన్నది అందులోనే. ప్రైవేట్‌లో పెట్టుకుంటే చాలు.

తర్వాత సాక్ష్యం. స్క్రీన్‌షాట్ ఒక్కటి తీసి ఊరుకుంటే సరిపోదు. కంప్యూటర్‌లో తెరిచి, పైన అడ్రసు పట్టీ కనబడేలా, తేదీ, టైము, వ్యూస్ పడేలా స్క్రీన్ రికార్డింగ్ చేయండి. డిస్క్రిప్షన్ మొత్తం విప్పి చూపించండి. కామెంట్లను ‘కొత్తవి ముందు’ అనే వరసలో పెట్టి కిందిదాకా జరపండి. ఛానల్ హ్యాండిల్ ఎప్పుడైనా మార్చేసుకోవచ్చు, ‘యూసీ’ అనే అక్షరాలతో మొదలయ్యే ఛానల్ ఐడీ మాత్రం మారదు, అందుకని ఆ ఐడీ ఉన్న లింకు రాసుకోండి. లైవ్ అయితే పక్కన నడిచే చాట్ కూడా రికార్డు చేయాలి, కొట్టేస్తే మళ్ళీ దొరకదు. ఈ ఫైళ్ళను వాట్సాప్‌లో వీడియోలుగా పంపుకోకండి. వాట్సాప్ కుదించి పంపుతుంది, దాంతో ఫైలు హాష్ విలువ, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, మారిపోతుంది. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యంతోపాటు ఇచ్చే ధ్రువపత్రంలో ఆ హాష్ విలువే రాయాలి. అసలు ఫైలు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి పక్కన పెట్టండి.

యూట్యూబ్‌కి రిపోర్టు చేసేటప్పుడు ఊరందరి చేతా చేయించక్కర్లేదు. ఎంతమంది చేశారన్నదాన్ని బట్టి వీడియో తీసేయరు. ఒక్కరే చేసినా వేధింపు అనే కారణం ఎంచుకుని, ఏ నిమిషం ఏ సెకను దగ్గర ఏం అన్నాడో రాస్తే చూసేవాళ్ళకి పని తేలిక. వేధింపుల నియమాన్ని యూట్యూబ్ 2019 డిసెంబరులో గట్టి చేసింది. 2020 మేలో కోట్ల వ్యూస్ వచ్చిన ఒక హిందీ రోస్ట్ వీడియోను కూడా ఆ నియమం కిందే తీసేసింది. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు (నియమం తప్పినందుకు వేసే శిక్షలు) పడితే ఛానలే పోతుంది. ఒకే మనిషి మీద వరస వీడియోలుంటే ఒక్కొక్కటే కాకుండా ఛానల్ మీద కూడా రిపోర్టు చేసి, అన్ని లింకులూ కలిపి ఇవ్వాలి. ఒంటరి వీడియోగా చూస్తే ఎగతాళిలా కనిపించేది వరసలో పెడితే వెంటపడటంలా కనిపిస్తుంది.

ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, పిల్లల ముఖాలు చూపిస్తే ప్రైవసీ ఫిర్యాదు వేరే దారి. అందులో వీడియో పెట్టినవాడికి సరిదిద్దుకోమని 48 గంటలు ఇస్తారు. అది సాధారణంగా ఆ వీడియోలో ఉన్న మనిషే చేయాలి. కాపీరైట్ స్ట్రైక్ వేయమని చాలామంది సలహా ఇస్తారు గానీ, ఆలోచించి వేయండి. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శ కోసం కొంత వాడుకోవడాన్ని ఒప్పుకుంటుంది. తొమ్మిది సెకన్ల ముక్క మీద వాడు ఎదురు నోటీసు ఇస్తే, 10 పనిరోజుల్లో మీరు కోర్టుకి వెళ్ళినట్టు చూపించాలి. పైగా మీ పేరు వాడికి తెలుస్తుంది. మొత్తం వీడియో ఎత్తి పెట్టుకుంటేనే అది పనికొచ్చే ఆయుధం.

యూట్యూబ్ మీ రిపోర్టును తిప్పి కొడితే ఇండియాలో ఫిర్యాదులు చూసే వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసరుకి రాయండి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలని 2021 ఐటీ నియమాల్లో ఉంది. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.

పోలీసుల దగ్గరికి వెళ్ళేటప్పుడు ‘పరువు నష్టం’ అనే మాటతో మొదలుపెట్టకండి. బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 356వ సెక్షన్ కింద పరువు నష్టానికి పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టరు, మెజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. స్టేషన్‌లో ఆ మాట వినగానే “కోర్టుకి వెళ్ళండమ్మా” అని పంపేస్తారు. అదే చట్టంలో ఆడమనిషి గౌరవాన్ని కించపరిచే మాటలుంటే సెక్షన్ 79, వద్దన్నా ఆన్‌లైన్‌లో వెంటపడుతుంటే 78, బెదిరింపులుంటే 351. ఏ వాక్యం ఏ సెక్షన్ కిందికి వస్తుందో అర్జీలో టైముతో సహా రాయండి. వీడియో పెట్టినవాడు ఎక్కడివాడైనా సరే, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173 ప్రకారం మీ దగ్గరి స్టేషన్‌లోనే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా కట్టేది) ఇవ్వొచ్చు. 1930 నంబరు ప్రధానంగా డబ్బు మోసాలకి. వేధింపుకి సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్ వాడండి.

పిల్లలున్న వీడియోల దగ్గర ఇంత లెక్కలు వేయక్కర్లేదు. 2024 జూలైలో ఒక తండ్రీ కూతుళ్ళ వీడియో మీద అసభ్యంగా మాట్లాడిన తెలుగు యూట్యూబర్ని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో అరెస్టు చేసింది. పెట్టిన సెక్షన్లలో పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో ఉంది. డార్క్ కామెడీ అన్న పేరు అక్కడ అడ్డుపడలేదు.

ఇదంతా చదివి, తమను విమర్శించినవాళ్ళ నోరు మూయించడానికి ఈ దారులు వాడుకుందామనుకునే నాయకులుంటారు. వాళ్ళ కోసం రాసింది కాదిది. ఆన్‌లైన్‌లో అన్న మాటకి అరెస్టు చేసే వీలిచ్చిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, ఆ తీర్పు నిలబడాలి. కాలువ గట్టు మీద నిలబడి అధికారిని ఎగతాళి చేసే కుర్రాడి వీడియో ఉండాలి, ఇంకా పది రావాలి.

ఇంట్లోవాళ్ళు చేయగలిగింది కూడా చాలా ఉంది. కామెంట్లు ఆవిడ చేత చదివించకండి, ఫోన్ తెచ్చి చూపించకండి. ఛానల్ పని కొన్నాళ్ళు ఇంకొకరు చూడాలి. నిద్ర, తిండి దెబ్బతింటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. యూట్యూబ్ స్టూడియోలో కామెంట్లన్నీ మీరు చూశాకే కనబడేలా పెట్టుకోవచ్చు. ఆపాల్సిన మాటల జాబితా ఉంటుంది, అందులో బూతులు తెలుగు అక్షరాల్లో ఒకసారి, ఇంగ్లీషు అక్షరాల్లో రాసే రకరకాల స్పెల్లింగులతో ఇంకోసారి వేయాలి. చాలామంది ఈ రెండోది మర్చిపోతారు, వచ్చే తిట్లలో ఎక్కువ భాగం అలా రాసినవే. పదేపదే వచ్చేవాణ్ణి బ్లాక్ చేసినట్టు చాటుకోకుండా ‘హైడ్’ చేయండి. వాడి కామెంటు మీ ఛానల్లో ఎవరికీ కనబడదు, ఆ సంగతి వాడికి యూట్యూబ్ చెప్పదు. ఈ ఏర్పాట్లన్నీ తర్వాతి పూతరేకుల వీడియో పెట్టకముందే చేసి పెట్టుకోండి.