కార్డు ఉన్నవాడిదే కచేరీ

హన్మకొండ నయీంనగర్‌లో నాకొక చిన్న నెట్ సెంటర్ ఉంది. నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక లామినేషన్ మిషను, కరెంటు పోతే కాసేపు ఆదుకునే యూపీఎస్. అదే నా సామ్రాజ్యం. ఇంటర్ హాల్‌టికెట్లు, ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు, పాస్‌పోర్టు స్లాట్లు, తిరుమల దర్శనం టికెట్లు... ఫలానా రోజు ఫలానా గంటకు తెరుచుకునే వెబ్‌సైటు ఏదైనా సరే, ఆ గంటకు నా షాపులో కుర్చీ ఖాళీ ఉండదు. సైటు తెరుచుకోకపోవడం, ఓటీపీ రాకపోవడం, డబ్బు కట్ అయి టికెట్టు రాకపోవడం, ఇవన్నీ నాకు రోజూ ఉండే తతంగాలే. అందుకే కాన్సర్ట్ టికెట్ల గొడవ కూడా ఆ కోవలోదే అనుకున్నాను. కాదు. ఇందులో ప్రీసేల్ అనే ఇంకో మెలిక ఉంది, అంటే అందరికంటే ముందు కొందరికే టికెట్లు అమ్మడం.

ఆ మెలిక నాకు మొదట చూపించింది ఎన్ఐటీలో చదివే ఒక లూధియానా కుర్రాడు. ప్రాజెక్టు రిపోర్టులకు స్పైరల్ బైండింగ్ చేయించుకోవడానికి వస్తుంటాడు. మూడేళ్లలో తెలుగు బాగానే పట్టాడు. 2024 సెప్టెంబరులో ఒకరోజు వచ్చి, బైండింగ్ సంగతి పక్కనపెట్టి, ఒక ప్రైవేటు బ్యాంకు పేరు చెప్పి, "అన్నా, ఆ బ్యాంకువాళ్ల ఫలానా క్రెడిట్ కార్డు మీ దగ్గర ఉందా?" అని అడిగాడు. నా దగ్గర ఉన్నది గ్రామీణ బ్యాంకు డెబిట్ కార్డు. అది చూపిస్తే నవ్వాడు, పాపం, మర్యాదగానే.

సంగతి ఏమిటంటే, పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ దేశమంతా తిరిగి పాడబోతున్నాడు. హైదరాబాద్‌లో నవంబరు 15న, శంషాబాద్ విమానాశ్రయం దగ్గరి జీఎంఆర్ అరీనాలో. టికెట్లు అందరికీ సెప్టెంబరు 12న మధ్యాహ్నం ఒంటిగంటకు ఇస్తారు. కానీ ఆ ఒక్క రకం కార్డు ఉన్నవాళ్లకు మాత్రం రెండు రోజుల ముందే, 10వ తేదీ మధ్యాహ్నం పన్నెండింటికి. ఈ కుర్రాడు చిన్నప్పటి నుంచి ఆ పాటలే వింటూ పెరిగినవాడు. అయినా కార్డు లేదు కాబట్టి రెండో పంక్తిలో కూర్చోవాలి. ఆ గాయకుడి పేరు కూడా సరిగా పలకలేని వాడికి కార్డుంటే మొదటి పంక్తి.

వాడు ఊరుకోలేదు. హాస్టల్లో స్నేహితుడి అన్న ఎవరో గుర్‌గావ్‌లో ఉంటాడట, ఆ అన్న దగ్గర కార్డు ఉంది. పదో తేదీన నా షాపులో కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని, అటు నుంచి అంకెలు చెబుతుంటే ఇటు నొక్కాడు. కార్డు గుర్‌గావ్‌లో, ఓటీపీ వచ్చేది గుర్‌గావ్‌లో, వేలు హన్మకొండలో. ఆ అన్నగారు అంకెలు రెండోసారి చదివేలోపు, ఎంచుకున్న తరగతి టికెట్లు అయిపోయాయి. దాని పై తరగతికి వెళ్దామంటే మళ్లీ ఓటీపీ. ఆ అన్నగారికి అప్పటికే ఆఫీసులో మీటింగ్ మొదలైంది. చివరికి పన్నెండో తేదీన అందరితో పాటు పోరాడి ఒక టికెట్టు సంపాదించాడు కానీ, అనుకున్న తరగతిలో కాదు, అనుకున్న ధరకూ కాదు. వాడి మొహంలో సంతోషం ఉంది. నాకే ఎందుకో కడుపు మండింది.

ఆ మంట చల్లారక ముందే నా మేనకోడలు వచ్చింది.

గణపతి నిమజ్జనాలు అయిపోయిన వారం, సెప్టెంబరు 22, ఆదివారం. కోల్డ్‌ప్లే అనే బ్రిటిష్ రాక్ బ్యాండు 2025 జనవరిలో నవీ ముంబయి డీవై పాటిల్ స్టేడియంలో పాడుతుందని ప్రకటించారు. టికెట్లు ఆ ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి. ఆదివారం నా షాపు తీయను, ఆమె కోసం తీశాను. "మామయ్యా, నీ ఫైబర్ లైనే దిక్కు" అంటూ పదకొండు గంటలకే వచ్చి కూర్చుంది. ఫోను ఒక పక్క, కంప్యూటరు ఒక పక్క. ముంబయి వెళ్లనిస్తారా, ఎవరు తోడు వెళ్తారు, అక్కయ్య ఏమంటుంది, అవేవీ ఇంకా తేలలేదు. ముందు టికెట్టు దొరకాలి, ఆ తరువాత యుద్ధం ఇంట్లో చేసుకుంటుందట.

పన్నెండు కొట్టేసరికి యాప్ పడిపోయింది. తెల్లటి తెర, మధ్యలో తిరిగే చక్రం. కొన్ని నిమిషాల తరువాత ఊపిరి వచ్చినట్టే వచ్చి, ఒక నంబరు చూపించింది: మీకంటే ముందు ఇంతమంది ఉన్నారు అని. అది లక్షల్లో ఉంది. మా కాజీపేట జనాభా మొత్తం ముందు నిలబడినా అంత పొడవు లైను కాదు. ఇంతలో కరీంనగర్ నుంచి ఆమె స్నేహితురాలి ఫోను. ఆ అమ్మాయి పన్నెండుకు ఐదు నిమిషాల ముందు లాగిన్ అయిందట, ఆమె నంబరు మా నంబరులో సగం కూడా లేదు.

"నేను పదకొండు నుంచి కూర్చున్నాను, అది తలంటుకుని వచ్చి లాగిన్ అయింది. ఇదెక్కడి న్యాయం?" అంది మేనకోడలు.

న్యాయం సంగతి దేవుడెరుగు, పద్ధతి మాత్రం అదే. ఇలాంటి పెద్ద అమ్మకాలకు చాలా సైట్లు వెయిటింగ్ రూము పెడతాయి. సమయం కాకముందు వచ్చిన వాళ్లందరినీ అందులో కూర్చోబెట్టి, గంట కొట్టగానే చీటీలు తీసినట్టు నంబర్లు పంచుతాయి. పదకొండుకు వచ్చినా, పదకొండూ యాభై తొమ్మిదికి వచ్చినా ఒకటే. గంట కొట్టిన తరువాత వచ్చినవాళ్లు మాత్రం వెనక చేరతారు. నాలుగు ట్యాబులు తెరిచి కూర్చుంటే నాలుగు అవకాశాలని పిల్లలు అనుకుంటారు. ఒకే ఖాతాతో తెరిస్తే చాలాచోట్ల అది ఒక్కటిగానే లెక్క, కొన్నిసార్లు యంత్రమని అనుమానించి బయటికి తోస్తుంది కూడా.

నంబరు మెల్లగా దిగుతుంటే మూడో కచేరీ కూడా కలిపారని వార్త వచ్చింది. 18, 19తో పాటు 21న కూడా. మా అమ్మాయి కళ్లు వెలిగాయి. మా ఆవిడ పంపిన బగారా అన్నం డబ్బా మూత కూడా తీయలేదు, తీస్తే చేయి ఖాళీ ఉండదని భయం. ఆ మూడోది కూడా అయిపోయిందని తెరమీద వచ్చేసరికి మా ముందు ఇంకా లక్షల మంది ఉన్నారు. టికెట్ల కంపెనీ తరువాత చెప్పిన లెక్క ప్రకారం ఆ రోజు ప్రయత్నించిన వాళ్లు కోటీ ముప్పై లక్షలకు పైమాటే. మూడు రాత్రుల టికెట్లు కలిపి లక్షన్నరకు అటూ ఇటూ అని పత్రికలు రాశాయి. అంటే ఒక్కో టికెట్టుకు ఎనభై మందికి పైగా. ఫైబర్ లైను ఏం చేస్తుంది?

సాయంత్రానికే రీసేల్ సైట్లలో రెండున్నర వేల టికెట్టుకు పదింతలు, ఇరవై ఇంతలు అడగడం మొదలైంది. కొన్ని లక్షలు దాటాయి. ముంబయి పోలీసులు టికెట్ల కంపెనీ పెద్దలను పిలిపించారు. అక్టోబరులో ఈడీ ఐదు రాష్ట్రాల్లో సోదాలు చేసింది, ఈ కచేరీకి, దిల్జీత్ కచేరీకి కలిపి. అప్పుడు ఎన్ఐటీ కుర్రాడు వచ్చి, "చూశారా అన్నా, నా సంగతి కూడా పేపర్లో పడింది" అన్నాడు.

నా అసలు ఫిర్యాదుకు వస్తాను. చీటీ తీయడం తప్పు కాదు. చీటీ తీస్తూ దాన్ని లైను అని చెప్పి, పిల్లలను గంటల తరబడి తెర ముందు కూర్చోబెట్టడం తప్పు. ఆ చీటీల డబ్బా తెరవకముందే కొంత భాగాన్ని కార్డుదారుల కోసం తీసి పక్కన పెట్టి, ఎంత తీశారో చెప్పకపోవడం అంతకంటే పెద్ద తప్పు. ప్రీసేల్‌లో ఎన్ని టికెట్లు, స్పాన్సర్లకు ఎన్ని, మనకు మిగిలేవి ఎన్ని అన్నది ఏ ప్రకటనలోనూ నేను చూడలేదు. రేషన్ షాపులో కూడా స్టాకు బోర్డు ఉంటుంది కదా.

ఇది మన దగ్గరి రోగమే కాదు. అమెరికాలో 2022 నవంబరు 15న గాయని టేలర్ స్విఫ్ట్ కచేరీల ప్రీసేల్ పెట్టారు. ముందే పేరు నమోదు చేసుకుని కోడ్ అందుకున్న వాళ్లకే లోపలికి ప్రవేశం. అలా నమోదైన వాళ్లే ముప్పై ఐదు లక్షల మంది. కోడ్ లేనివాళ్లు, టికెట్లు కొనే యంత్రాలు కలిసి మీద పడేసరికి సైటు కుప్పకూలింది. అయినా ఆ ఒక్కరోజే ఇరవై లక్షలకు పైగా టికెట్లు అమ్ముడుపోయాయి. 18న అందరికీ జరగాల్సిన మామూలు అమ్మకాన్ని ఏకంగా రద్దు చేశారు. 2023 జనవరిలో సెనేట్ కమిటీ విచారణ దాకా వెళ్లింది. యంత్రాలతో టికెట్లు ఎగరేసుకుపోవడాన్ని నిషేధిస్తూ వాళ్లకు 2016 నుంచి చట్టమే ఉంది. ఉన్నా అంతే.

దీనికి మందు మన దగ్గరే ఉందని నా నమ్మకం. పరకాల వైపు నుంచి ఒక పెద్దాయన వస్తారు, ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. నెలనెలా వచ్చి తిరుమల సుప్రభాత సేవకు ఎలక్ట్రానిక్ డిప్‌లో, అంటే కంప్యూటరు తీసే చీటీల్లో, పేరు వేయించుకుంటారు. మూడు నెలల తరువాత జరిగే సేవలకు ఇప్పుడే నమోదు జరుగుతుంది. అది రెండు రోజుల పాటు తెరిచి ఉంటుంది కాబట్టి ఆయన పొలం పని చూసుకుని, తీరిగ్గా బస్సు దిగి వస్తారు. మొదటి గంటలో వేసినా, చివరి గంటలో వేసినా అవకాశం ఒకటే. తగిలితే మెసేజీ వస్తుంది, గడువులోగా డబ్బు కట్టాలి. పేరు, ఆధార్ నంబరు టికెట్టుతో ముడిపడి ఉంటాయి కాబట్టి ఇంకొకరికి అమ్ముకునే వీలు లేదు. తగలకపోతే "స్వామి ఇంకా పిలవలేదు" అని టీ తాగి వెళ్లిపోతారు. సర్వర్‌ను తిట్టగా నేను ఎప్పుడూ వినలేదు. అదే మూడు వందల రూపాయల దర్శనం టికెట్లు గంట కొట్టి వదిలే రోజున చూడాలి మా షాపు. అదే దేవుడు, అదే భక్తులు, పద్ధతి మారేసరికి కేకలు.

రైల్వే కూడా ఆ దారికే వచ్చింది. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేసింది, మొదటి అరగంట ఏజెంట్లను ఆపింది. ఇంగ్లండులో గ్లాస్టన్‌బరీ సంగీత ఉత్సవానికి ముందే ఫొటోతో నమోదు చేసుకోవాలి, టికెట్టు చేతులు మారదు. జపాన్‌లో కాన్సర్ట్ టికెట్లకు లాటరీ ఎప్పటి నుంచో మామూలే. చీటీ తీయండి, పేరు రాయండి, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూడండి. మన కచేరీల వాళ్లకు ఇది చేతకాక కాదు. మధ్యాహ్నం పన్నెండింటి తొక్కిసలాట కూడా వాళ్లకు ఒక ప్రచారమే. 'నిమిషాల్లో అమ్ముడుపోయాయి' అనే శీర్షిక ఉచితంగా వస్తుంది.

ఇక డబ్బు కట్ అయి టికెట్టు రాని వాళ్ల కోసం ఒక మాట, ఎందుకంటే ఆ ఏడుపు నా కౌంటరు దగ్గరే వినిపిస్తుంది. ఆర్‌బీఐ 2019 సెప్టెంబరులో ఒక నియమం పెట్టింది. ఆన్‌లైన్ కార్డు చెల్లింపు గానీ, దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపు గానీ మధ్యలో ఆగితే, ఆ రోజు కాక మరో ఐదు రోజుల్లో డబ్బు దానంతట అదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు వంద రూపాయల చొప్పున పరిహారం. స్క్రీన్‌షాట్, లావాదేవీ నంబరు దాచుకుని, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఫోనులో అరిచి లాభం లేదు.

టికెట్టు ధరతోనే లెక్క ముగియదు కూడా, మా వైపు వాళ్లకు. లూధియానా కుర్రాడు నవంబరు 15న ఇక్కడి నుంచి ఉప్పల్ దాకా బస్సు, అక్కడి నుంచి శంషాబాద్ దాకా నలుగురు కలిసి కారు మాట్లాడుకున్నారు. రాత్రి పది తరువాత ఆరుబయట మైకులు మోగకూడదు కాబట్టి పాట ఆపేస్తారు, కానీ వేల మంది ఒకే రోడ్డు మీదికి వచ్చాక అర్ధరాత్రి దాకా కదలరు. తెల్లవారి రైల్లో కాజీపేటలో దిగి నేరుగా క్లాసుకు వెళ్లాడట. ఆ నాలుగు రోజులకే, 19న, హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రం ప్రారంభమైంది. ఇంత మంచి హాలు వచ్చింది కదా, ఇక పెద్ద గాయకులు కొందరైనా ఇక్కడికి వస్తే మా పిల్లలకు ఉప్పల్ బాధ తప్పుతుందని ఆశ. అప్పుడు కూడా టికెట్లు ప్రీసేల్‌లోనే పెడతారేమో!

మేనకోడలు ఆ నవంబరులో ఇంకోసారి ప్రయత్నించింది, కోల్డ్‌ప్లే వాళ్లు ఒక్కొక్కటి రెండు వేలకే, జంటగా అమ్మే టికెట్ల కోసం. దొరకలేదు. జనవరి 26న అహ్మదాబాద్ కచేరీ హాట్‌స్టార్‌లో ప్రత్యక్షంగా వస్తే మా ఇంటి టీవీలో చూసింది. "ఇంట్లోనే టీవీలో వస్తుంటే ఆ రోజు ఎందుకు ఏడ్చావే?" అని అక్కయ్య అడిగితే, టీవీ సౌండు పెంచింది తప్ప జవాబు చెప్పలేదు.

ఈ మధ్యే హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. మొదటి జీతం వచ్చిన వారమే నా షాపులో కూర్చుని క్రెడిట్ కార్డుకు దరఖాస్తు పెట్టింది. ఏ కార్డో చెప్పనక్కరలేదు. ఏడాదికి రుసుము ఎంతో, బాకీ మీద వడ్డీ ఎంతో చదువుకోమన్నాను. "ప్రీసేల్ ఉంటుంది మామయ్యా" అంటూ సబ్మిట్ నొక్కేసింది.