తెలిసిన మాటలే ముంచాయి

డిగ్రీ మొదటి సంవత్సరంలో నేను మహా ధీమాగా రాసిన పేపరు ఎకనామిక్స్. 15 మార్కుల ప్రశ్నకు మూడు పేజీలు నింపాను, స్కేలు పెట్టి బొమ్మ కూడా గీశాను. వచ్చినవి 4. దిద్దిన పేపరు చేతికొచ్చాక చూస్తే మేడమ్ ఒక్క వాక్యం కూడా కొట్టెయ్యలేదు. 'డిమాండు' అన్న మాట కనిపించిన చోటల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. లెక్కపెట్టాను, ఏడు సున్నాలు. మార్జిన్‌లో 'ఏది పెరిగింది?' అని ఒక్క ముక్క.

నేను రాసిందేమిటంటే, ధర తగ్గితే డిమాండు పెరుగుతుంది. ఇందులో తప్పేముందని రెండు రోజులు గింజుకున్నాను. నా జవాబు నేనే మళ్లీ చదువుకుంటే తెలిసింది. ధర తగ్గింది కాబట్టి డిమాండు పెరిగింది, డిమాండు పెరిగింది కాబట్టి ధర పెరిగింది, ధర పెరిగింది కాబట్టి డిమాండు తగ్గింది... గానుగెద్దులా మూడు పేజీలూ అక్కడక్కడే తిరిగాను.

ఎకనామిక్స్‌లో డిమాండు అంటే ఒక అంకె కాదు, ఒక పట్టిక. ఏ ధరకు ఎన్ని కొంటారో చెప్పే జాబితా అంతా కలిపి డిమాండు. ధర మారితే ఆ జాబితాలోనే ఒక వరుస నుంచి ఇంకో వరుసకు వెళతాం, అంతే. మారింది డిమాండు పరిమాణం. ధర తగ్గి ఆ పరిమాణం పెరిగితే దాన్ని పాఠ్యపుస్తకం 'విస్తరణ' అంటుంది. కొనేవాళ్ల ఆదాయం పెరిగినా, దాని బదులు వాడే వస్తువు ధర పెరిగినా జాబితా మొత్తం మారిపోతుంది, ఆ జాబితాను బొమ్మగా వేస్తే వచ్చే రేఖ లేచి కుడివైపు జరుగుతుంది. అది 'పెరుగుదల'. మామూలు మాటల్లో విస్తరణకీ పెరుగుదలకీ తేడా ఏముందని ఎవరు చూస్తారు? పేపరు దిద్దేవాళ్లు చూస్తారు. 'ఇతర పరిస్థితులు స్థిరంగా ఉన్నప్పుడు' అని ప్రతి నిర్వచనం ముందూ ఉండే ముక్కను నేను ఊతపదం అనుకుని వదిలేసేదాన్ని. రేఖ ఎక్కడిదక్కడ నిలబడటానికి కారణమే ఆ ముక్క.

తమాషా ఏమిటంటే, క్షీణోపాంత ప్రయోజన సూత్రం అంటే నాకు హడల్. ఒకే వస్తువును వాడేకొద్దీ, తర్వాతి దానివల్ల కలిగే తృప్తి తగ్గుతూ పోతుందని చెప్పే సూత్రం అది. పేరు పలకడానికే ఒక రోజు పట్టింది. దాన్ని రెండు రాత్రులు కూర్చుని చదివాను, పట్టికలు వేసుకున్నాను. అందులో నాకు ఎప్పుడూ ఒక్క మార్కు పోలేదు. అది నాకు రాదని నాకు తెలుసు కాబట్టి చదివాను. డిమాండు, లాభం, ఖర్చు, విలువ అన్న పేజీలు మాత్రం 'ఇవి తెలిసినవేలే' అని తిప్పేశాను.

అప్పటి నుంచి ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాను. అందులో కష్టమైన మాటలకు చోటు లేదు, నాకు తెలుసనుకున్న మాటలకే. పేజీకి ఒక మాట. నడుమ గీత. ఎడమవైపు నేను మామూలుగా ఏ అర్థంలో వాడతానో, కుడివైపు పరీక్షలో దాని అర్థమేమిటో.

రెండో పేజీ 'శాతం'. నవ్వకండి. వ్యాకోచత్వం, అంటే ధర మారితే కొనే పరిమాణం ఎంతగా మారుతుందో చెప్పే కొలత, లెక్క చేస్తుంటే వచ్చింది ఈ పేచీ. ధర 10 నుంచి 8కి తగ్గితే అమ్మకం 100 నుంచి 130కి పెరిగింది. ధర మార్పు 20 శాతం, పరిమాణం మార్పు 30 శాతం, భాగిస్తే వ్యాకోచత్వం 1.5. అదే లెక్క తలకిందులుగా, ధర 8 నుంచి 10కి పెరిగిందనుకుని చేశాను. ఇప్పుడు ధర మార్పు 25 శాతం, పరిమాణం 130 నుంచి 100కి, అంటే దాదాపు 23 శాతం. జవాబు 0.92. రేఖ మీద బిందువులు అవే రెండు, ఒకవైపు నుంచి చూస్తే వ్యాకోచత్వం ఒకటి కంటే ఎక్కువ, ఇంకోవైపు నుంచి తక్కువ! లెక్క తప్పు చేశానని నాలుగుసార్లు చెరిపాను, కాగితం చిరిగింది. తప్పు లెక్కలో లేదు. 'దేనిలో శాతం?' అని నేను అడగలేదు. అందుకే రెండు అంకెల సగటు మీద శాతం తీసే పద్ధతి ఒకటి పెట్టారు. 115 మీద 30, 9 మీద 2. జవాబు 1.17, ఎటునుంచి చేసినా అదే. పరీక్షలో ఏ పద్ధతి అడిగారో చూసుకోకపోతే మాత్రం మళ్లీ మొదటికే.

బొమ్మల గురించి ఒక మాట. లెక్కల క్లాసులో కారణమైన అంశాన్ని అడ్డంగా, ఫలితాన్ని నిలువుగా వేయమంటారు. ఎకనామిక్స్‌లో ధర నిలువుగా కూర్చుంటుంది. 1890లో వచ్చిన ఆర్థికవేత్త ఆల్‌ఫ్రెడ్ మార్షల్ పుస్తకం తర్వాత స్థిరపడిపోయిన అలవాటు ఇది. నాకు ఇప్పటికీ చిరాకే, అయినా అలాగే గీస్తాను.

'స్థిర వ్యయం' ఇంకో దొంగ మాట. అద్దె పెరిగింది కదా, ఇంకా స్థిరమేమిటి అని వాదించాను. ఉత్పత్తి ఎంత చేశామన్న దాన్ని బట్టి మారనిదే ఇక్కడ స్థిరం. అద్దె రెట్టింపైనా అది స్థిర వ్యయమే.

ఎక్కువ కాలం తిప్పలు పెట్టింది 'లాభం'. సంపూర్ణ పోటీలో, అంటే ఒకే రకం సరుకును ఎందరో అమ్ముతూ ధరను ఏ ఒక్కరూ శాసించలేని మార్కెట్‌లో, దీర్ఘకాలంలో సంస్థలకు లాభం సున్నా అని చదివి, మరి మూసేసుకోరేం అనుకున్నాను. ఒకావిడ సొంత వ్యాపారంలో రాబడి 100, చెల్లింపులు 70 అనుకుందాం. అకౌంట్స్ పేపరులో లాభం 30. ఆవిడ తన సమయాన్నీ డబ్బునీ ఇంకోచోట పెట్టి ఉంటే వచ్చే 30 వదులుకుంది కదా, ఎకనామిక్స్ దాన్ని అవకాశ వ్యయమని ఖర్చులో కలిపేస్తుంది. లాభం సున్నా. ఆవిడ హాయిగానే ఉంది, దుకాణం మూసే అవసరమేమీ లేదు. మిగతా చోట్ల దొరికేదే ఇక్కడా దొరుకుతోందని మాత్రమే ఆ సున్నాకు అర్థం. పోనీ అకౌంట్స్ లాభమైనా చేతిలో డబ్బా అంటే అదీ కాదు. అరువుకు అమ్మింది లాభంలో కలుస్తుంది, పైసా రాకపోయినా. 1,00,000 పెట్టి కొన్న యంత్రానికి అరిగిపోతున్నందుకు పదేళ్లపాటు ఏటా 10,000 తరుగుదల రాస్తే లాభం అంత తగ్గుతుంది, ఆ పూట గల్లాపెట్టె లోంచి ఒక్క నోటూ కదలదు. ఈ ఒక్క మాటకు నా నోట్‌బుక్‌లో ఐదు పేజీలు పట్టాయి.

డెబిట్, క్రెడిట్ సంగతి చెప్పకుండా అకౌంట్స్ దాటలేను. ఖాతాలో డబ్బు పడితే బ్యాంకు మెసేజ్ 'క్రెడిట్ అయింది' అంటుంది. అది చూసి చూసి క్రెడిట్ అంటే రావడం అని బుర్రలో ముద్ర పడిపోయింది. నగదు పుస్తకంలో వచ్చిన నగదు డెబిట్. చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం) మొత్తం అద్దంలో చూసినట్టు తిరగరాశాను, ఆవర్జాలో (ఖాతాల వారీ పుస్తకంలో) కూడా అలాగే ఎక్కించాను. అన్నీ తిరగబడితే అంకణా, అంటే డెబిట్లూ క్రెడిట్లూ సమానమా అని చూసే పట్టిక, చక్కగా సరిపోతుంది తెలుసా! రెండు వైపులా సమానంగా వచ్చాయని సంబరపడి సమర్పించాను. విషయమేమిటంటే, బ్యాంకు రాసేది దాని పుస్తకం. నేను వేసిన డబ్బు నాకు ఆస్తి, దానికి నాకు తీర్చాల్సిన అప్పు. అప్పు పెరిగితే క్రెడిట్ చేస్తారు. వెనిస్ వర్తకులు వాడుతున్న ఈ జంట పద్దు విధానాన్ని (ప్రతి లావాదేవీనీ ఒక డెబిట్‌గా, ఒక క్రెడిట్‌గా రెండుసార్లు రాసే పద్ధతిని) ఇటలీ గణిత పండితుడు లూకా పాచోలి 1494లో వివరంగా అచ్చులో పెట్టాడు. అంటే ఐదు వందల ఏళ్లుగా పద్దు రాసేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒకటే, ఇది ఎవరి పుస్తకం?

సప్లిమెంటరీలో 61 వచ్చాయి. గొప్పేం కాదు, సున్నాలు చుట్టించుకోలేదు, అంతే.

ఈ ఏడు ఆ నోట్‌బుక్ చెల్లికి ఇచ్చాను. నిన్న రాత్రి పది దాటాక తలుపు తోసుకుని వచ్చింది.

"అక్కా, ఇందులో కొరత లేదేంటి?"

"కొరత నీకు తెలీదా?"

అన్నాక నాలుక కరుచుకున్నాను. దాని చేతిలో పాఠ్యపుస్తకం తెరిచి ఉంది. మొదటి అధ్యాయంలో ఎకనామిక్స్ అంటే ఏమిటో చెబుతూ ఆర్థికవేత్త రాబిన్స్ ఇచ్చిన నిర్వచనం, 1932 నాటిది. అపరిమితమైన కోరికలు, ప్రత్యామ్నాయ ఉపయోగాలున్న పరిమిత సాధనాలు, అందుకే కొరత. ఈ కొరత ఎంత సంపన్నుడికైనా ఉంటుంది, ధర ఎంతున్నా ఉంటుంది, ఎప్పటికీ పోదు. నాలుగో అధ్యాయంలో, ధరను సమతౌల్యం (కొనాలనుకునేదీ అమ్మాలనుకునేదీ సరిపోయే ధర) కంటే కిందికి తొక్కి పెడితే సప్లయి చాలక కొరత ఏర్పడుతుందని ఉంది. ఇది ధరను వదిలేస్తే పోయే కొరత. పుస్తకం రెండిటికీ ఒకే మాట వాడింది. నేను మూడేళ్లు చదివి గమనించలేదు.

పెన్సిల్ తీసుకుని చివరి ఖాళీ పేజీలో గీత గీసింది. నేను ఎప్పుడూ ఒక గీతే గీసేదాన్ని. ఇది రెండు గీసి, మూడు గడులు చేసింది.