75-300 చౌకే, కానీ...

కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ తర్వాత కెనాన్ వాడేవాళ్లు చాలామంది 75-300 ఎంఎం జూమ్ లెన్స్ కొనేస్తారు. చౌక, పైగా అంకె పెద్దది. కానీ అందులో చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ లేదు. సాయంత్రం ఫిషింగ్ హార్బర్‌లో చేత్తో పట్టుకుని తీస్తే 300 దగ్గర బొమ్మ అలుక్కుపోతుంది. స్టెబిలైజర్ (ఐఎస్) ఉన్న ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎం లెన్స్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే అదే తీసుకోండి. చిన్న సెన్సర్ బాడీల్లో 1.6 క్రాప్ వల్ల, అంటే దృశ్యం అంచులు కోసుకుపోవడం వల్ల, 250 దాదాపు 400లా చూపిస్తుంది. మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) బాడీకైతే దీన్ని తగిలించడానికి అడాప్టర్ కావాలి. ఎగిరే కొంగలకు మాత్రం స్టెబిలైజర్ అక్కరకు రాదు, షటర్ 1/1000 సెకను కంటే వేగంగా పెట్టండి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరిగితే పెరగనీండి.

పాతది కొనేముందు రెండు మూతలూ తీసి, వెనకనుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. నాలుగు ధూళి రేణువులున్నా ఫర్వాలేదు. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్ (బూజు), వదిలేయండి. వైజాగ్ తేమకి కొత్త లెన్సుకైనా పట్టేస్తుంది. తోలు సంచిలో దాచొద్దు; గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.