64 కిలోబైట్లలో డేటాబేస్ పెట్టమంటే

పోయిన వారం ఆఫీసులో ఒక చిన్న ప్రాజెక్టుకి ఏ డేటాబేస్ వాడాలా అని మూడు గంటలు కొట్టుకున్నాం. ఏది పెట్టినా పనైపోతుందని అందరికీ తెలుసు, అయినా ఎవరి పంతం వాళ్లది. ఆ చిరాకుతో ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో పాత కంప్యూటర్లని అనుకరించే సిమ్‌హెచ్ ఎమ్యులేటర్ తెరిచి, డెక్ కంపెనీ పాత మినీకంప్యూటర్ పీడీపీ-11 మీద ఆరో ఎడిషన్ యూనిక్స్ ఎక్కించుకుని కూర్చున్నాను. @ గుర్తు దగ్గర యూనిక్స్ అని కొడితే లాగిన్ అడుగుతుంది. లోపలికెళ్లి ఫోల్డరు మారుద్దామని అలవాటుగా సీడీ అని కొట్టా, అదేంటో దానికి తెలీదు, అప్పట్లో సీహెచ్‌డీఐఆర్ అని కొట్టాలి. సరే, అసలు విషయానికొస్తా.

ఆ ఎమ్యులేటర్‌లో నాకున్న డిస్కు ఆర్‌కే05. మొత్తం 2.5 మెగాబైట్లు, అంటే ఇవాళ ఫోన్లో తీసే ఒక్క ఫొటో అంత. నిజమైన డిస్కు నిమిషానికి 1500 సార్లు తిరిగేది, డేటా చదివే హెడ్ సరైన చోటికి చేరడానికి సగటున 50 మిల్లీసెకన్లు, మనకి కావాల్సిన సెక్టారు దాని కిందకి వచ్చేదాకా ఇంకో 20. ఒక్కో రీడ్‌కి 70 అన్నమాట. సెకనుకి 14 రీడ్‌లు చేస్తే గొప్ప! డిస్కులో అలాంటి సెక్టార్లు, అంటే బ్లాకులు, 4,872. వరసగా చదువుకుంటూ పోతే 16 సెకన్లు చాలు, కానీ బ్లాకులు చెల్లాచెదురుగా పడి ఉంటే అన్నీ చదవడానికి ఐదున్నర నిమిషాలు దాటిపోతుంది. యూనిక్స్ ఫైలు బ్లాకులు చెల్లాచెదురుగానే ఉండేవి మరి.

ఈ లెక్క ముందు పెట్టుకుని చూస్తే ఆ రోజుల్లో జనం పాయింటర్ల డేటాబేస్‌లని, అంటే ఒక రికార్డులోనే తర్వాతి రికార్డు చిరునామా దాచుకునేవాటిని, ఎందుకు నమ్ముకున్నారో అర్థమవుతుంది. హెచ్‌పీ 3000 మినీకంప్యూటర్ మీద వచ్చిన ఇమేజ్ అనే డేటాబేస్ మంచి ఉదాహరణ. కస్టమర్లు మాస్టర్ సెట్‌లో, వాళ్ల ఆర్డర్లు డీటెయిల్ సెట్‌లో. కస్టమర్ నంబరుని హ్యాష్ చేస్తే, అంటే ఒక లెక్కతో డిస్కులో చోటుగా మారిస్తే, రికార్డు ఎక్కడుందో తెలిసిపోతుంది, అక్కడి నుంచి ఆర్డర్లన్నీ ముందుకీ వెనక్కీ గొలుసులా కట్టి ఉంటాయి. పది ఆర్డర్లుంటే పది పదకొండు రీడ్‌లు, ఆర్‌కే05 లాంటి నత్తనడక డిస్కు మీదైనా సెకను లోపే పని అయిపోతుంది. గుమాస్తా టెర్మినల్ ముందు కూర్చుని ఉండగానే జవాబొస్తుంది, ఇంకేం కావాలి? ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. మాస్టర్ సెట్‌లో ఎన్ని రికార్డులు పడతాయో ముందే చెప్పాలి, ఆ అంకె ప్రైమ్ నంబరైతే మంచిదని పాతవాళ్ల మాట. సెట్ నిండే కొద్దీ హ్యాష్‌లు ఒకదాని మీద ఒకటి పడి పని నెమ్మదిస్తుంది, అప్పుడు డేటా అంతా టేపు మీదకి దించి, సెట్ పెద్దది చేసి, మళ్లీ ఎక్కించాలి. పని లేని రోజు చూసుకుని పెట్టుకోవాల్సిన తద్దినం అది.

మంప్స్ సంగతి వేరు. మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో 1960ల చివర్లో పుట్టింది, అందులో భాషా డేటాబేసూ ఒకటే. ఆసుపత్రుల్లో దాని వారసులు ఇప్పటికీ నడుస్తున్నాయి, నవ్వేవాళ్లు నవ్వనీ.

ఇక డేటాని పట్టికలుగా పెట్టే రిలేషనల్ వైపు చూస్తే, ఆ ఆలోచన చెప్పిన ఐబీఎం పరిశోధకుడు కాడ్ పేపరు 1970లో వచ్చింది. 1973లో బర్క్‌లీ యూనివర్సిటీలో స్టోన్‌బ్రేకర్, వాంగ్ అనే ప్రొఫెసర్లు కలిసి ఇంగ్రెస్ అనే రిలేషనల్ డేటాబేస్ మొదలుపెట్టారు, చేతిలో ఉన్నది పీడీపీ-11/40. మెషిన్‌కి మెమరీ ఎంత కొన్నా అడ్రసు 16 బిట్లే కాబట్టి ఒక్కో ప్రాసెస్‌కి కనిపించేది 64 కేబీ. అందులో డేటాబేస్ ప్రోగ్రాం మొత్తం పట్టదు. ఏం చేశారంటే, దాన్ని నాలుగు ముక్కలు చేశారు. టెర్మినల్ చూసుకునేది ఒకటి, క్వెరీని, అంటే అడిగిన ప్రశ్నని, పార్స్ చేసి అర్థం చేసుకునేది ఒకటి, దాన్ని చిన్న క్వెరీలుగా విడగొట్టి నడిపేది ఒకటి, మిగతా చిల్లర పనులకి ఇంకొకటి. మధ్యలో ఒకదాని మాట ఇంకోదానికి చేరవేసే యూనిక్స్ పైపులు. అది గొప్ప ఆర్కిటెక్చర్ ఆలోచన అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది, ఒకే గదిలో నలుగురున్న సంసారం అది, వేరే దారి లేక. 1981లో స్టోన్‌బ్రేకరే రాశాడు, పీడీపీ-11/70లో యూనిక్స్ మెమరీలో దాచి ఉంచే బఫర్ నుంచి 512 బైట్ల బ్లాకు ఒకటి తెచ్చుకోవడానికే ఐదు వేల ఇన్‌స్ట్రక్షన్లు దాటిపోతున్నాయని. డిస్కు దాకా వెళ్లకుండానే ఇంత ఖర్చు!

ఒరాకిల్ కూడా 1979లో పీడీపీ-11 మీదే బయటికొచ్చింది, అసెంబ్లీలో రాసి. దాని పేరు వెర్షన్ 2, అమ్మకానికి వెర్షన్ 1 అంటూ లేనే లేదు. మార్కెటింగ్ తెలివి అప్పటి నుంచే ఉంది. సీ భాషలో తిరగరాసింది 1983 నాటి మూడో వెర్షన్‌లో.

రిలేషనల్ గెలవడానికి సిద్ధాంతం ఒక్కటే కారణమని కాలేజీలో చెప్పారు, నేనూ చాలా ఏళ్లు నమ్మాను. ఇప్పుడు మాత్రం 1977లో వచ్చిన డెక్ 32 బిట్ల కంప్యూటర్ వ్యాక్స్‌కి సగం క్రెడిట్ ఇస్తాను. అడ్రసు స్థలం 4 గిగాబైట్లయ్యాక ముక్కలు కోసే అవస్థ తప్పింది.

అన్నట్టు మన హైదరాబాద్ ఈసీఐఎల్ కంపెనీ చేసిన టీడీసీ-316 కంప్యూటర్ కూడా 16 బిట్ల మెషినే. ఈసీఐఎల్ అంటే బస్సు బోర్డు మీద పేరు అనుకునేవాళ్లు నా టీమ్‌లోనే ముగ్గురున్నారు.

నన్నే 1976లో కూర్చోబెట్టి ఎంచుకోమంటే? ఆర్డర్లూ స్టాకూ అయితే కళ్లు మూసుకుని ఇమేజ్. ఆసుపత్రి అయితే మంప్స్. రోజుకోరకం కొత్త ప్రశ్న అడిగే పరిశోధకులు, ఐదు నిమిషాలు ఆగే ఓపిక ఉన్నవాళ్లు అయితే ఇంగ్రెస్. ఒక్క ఆర్‌కే05 మాత్రమే ఉన్న చిన్న ఆఫీసుకైతే డేటాబేసే వద్దంటాను, సార్ట్ చేసిన ఫైలు ఒకటి పెట్టుకోమంటాను.