సెల్లార్‌లో క్రికెట్, రీల్‌లో విప్లవం

పడుకుందామని ఫోన్ పక్కన పెట్టి మళ్లీ తీశాను. మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారి రీల్ కళ్లముందు నుంచి పోవట్లేదు. నీళ్ల ట్యాంకర్ రేటు పెంచారని గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డారు. నల్ల కళ్లద్దాలు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, పైగా స్లో మోషన్. వెనక అమెరికా రాక్ బ్యాండు ట్విస్టెడ్ సిస్టర్ వాళ్ల 'వియ్ ఆర్ నాట్ గాన్నా టేక్ ఇట్', అంటే 'ఇక మేం భరించం' అనే పాట. గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలే.

ఈ పెద్దమనిషే మొన్న ఆదివారం చిన్నదాని బ్యాటు లాక్కుని సెక్యూరిటీ గదిలో పెట్టించారు. సెల్లార్‌లో క్రికెట్ ఆడితే కార్ల అద్దాలు పగులుతాయట. ఆడేది ప్లాస్టిక్ బంతితో! పార్కులో ఆడుకోమంటారు, పార్కులో మొక్కలు తొక్కరాదని బోర్డు పెట్టించిందీ ఆయనే. రాత్రి తొమ్మిది దాటాక పిల్లలు మెట్ల మీద నవ్వినా వాచ్‌మన్‌ను పంపిస్తారు. అలాంటాయనకు ఆ పాటే దొరికిందా? మావారితో అంటే "పాటేగా, వదిలెయ్" అన్నారు. ఈయన ఏదైనా ఎంత తేలిగ్గా వదిలేస్తారో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

పాటేగా అంటే ఎలా? 1984 నాటి ఆ వీడియోలో, గిటారు వాయించుకునే కొడుకు గదిలోకి తండ్రి దూసుకొచ్చి ఎడాపెడా తిడతాడు. కొడుకు ఒక్కసారి తీగ మీటగానే తండ్రి కిటికీలోంచి ఎగిరి బయటపడతాడు. ఆ తండ్రి అచ్చం మా సెక్రటరీయే.

నేనిది మొదట విన్నది విజయవాడ హాస్టల్లో, ఇంటర్ సెకండియర్‌లో. ఆ హాస్టల్ గురించి ఇక్కడ చాలాసార్లు ఏడ్చాను కాబట్టి ఉప్మా జోలికి వెళ్లను. మా గదిలో వైజాగ్ పిల్ల దగ్గర వాక్‌మన్, అమెరికా మామయ్య పంపిన క్యాసెట్లు ఉండేవి. రాత్రి స్టడీ అవర్లో ఫిజిక్స్ రికార్డు నిలబెట్టుకుని, దాని వెనక నల్ల స్పాంజి హెడ్‌ఫోన్ కమ్మీని సాగదీసి చెరో వైపు చెవికి అదుముకునేవాళ్లం. బ్యాటరీ అయిపోవస్తే పాడేవాడికి జ్వరం వచ్చినట్టు గొంతు సాగేది. బ్యాటరీని పళ్లతో కొరికి మళ్లీ పెడితే ఇంకో పాటకు సరిపడా ప్రాణం వచ్చేది.

మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు. పల్లవి రాగం మాత్రం ఎక్కడో విన్నదే. కాసేపటికి వెలిగింది. గుంటూరు మిషన్ స్కూల్లో ప్రతి డిసెంబర్లో నోరారా పాడిన క్రిస్మస్ కీర్తన 'ఓ సద్భక్తులారా'! ఆ మాట అనేసరికి వైజాగ్ పిల్ల పగలబడి నవ్వింది. ఆ నవ్వుకే వార్డెన్ మేడమ్ వచ్చేసింది. క్యాసెట్ తీసి, టేపు మూరలకొద్దీ బయటికి లాగి చేతికి చుట్టుకుంది. అంతసేపూ తిరగబడే పాటకు తలలూపిన మేమిద్దరం చేతులు కట్టుకుని "సారీ మేడమ్" అన్నాం. సంక్రాంతి సెలవులకు వాళ్ల నాన్న వచ్చి సంతకం పెట్టేదాకా వాక్‌మన్ చేతికి రాలేదు.

కానీ రాగం సంగతి నిజమే. పాట రాసి పాడిన డీ స్నైడర్ చిన్నప్పుడు చర్చిలో పాడినవాడే. ఆ క్రిస్మస్ పాట స్వరాలు తన పల్లవిలోకి వచ్చాయని తనే చెప్పుకున్నాడు. 2006లో వాళ్ల బ్యాండు క్రిస్మస్ ఆల్బమ్ చేసి, ఆ కీర్తనను ఈ పాట దరువు మీదే పాడేసింది. వైజాగ్ పిల్లకు వెంటనే మెయిల్ పెట్టాను. జవాబు లేదు.

స్నైడర్ వాలకం చూస్తే పెద్దవాళ్లు హడలిపోయేవారు. ఉంగరాల జుట్టు, బుగ్గలకు ఎర్రరంగు, భార్య సుజెట్ తయారుచేసిన విడ్డూరం బట్టలు. పిల్లలు వినే పాటల మీద కన్నేసి పెద్దమనుషుల సంఘం ఒకటి పుట్టింది. అమెరికా సెనేటర్ అల్ గోర్ భార్య టిప్పర్ గోర్ అందులో ముఖ్యురాలు. వాళ్ల 15 పాటల నిందితుల జాబితాలో, హింస పద్దు కింద ఇదీ ఉంది. 1985 సెప్టెంబర్ 19న స్నైడర్ చేతుల్లేని డెనిమ్‌తో సెనేట్ కమిటీ ముందుకొచ్చి, మడత పెట్టిన కాగితం విప్పి చదివాడు. పెళ్లయింది, మూడేళ్ల కొడుకున్నాడు, సిగరెట్టు, మందు, డ్రగ్స్ ముట్టనన్నాడు. మా సెక్రటరీగారు విని ఉంటే సభ్యత్వం ఇచ్చేవారు.

ఇంతదాకా టైపు చేశాక తిరకాసు వచ్చిపడింది. 2018లో అమెరికాలో వెస్ట్ వర్జీనియా టీచర్లు సమ్మె చేసినప్పుడు ఈ పాటే పాడారు. టీచర్లు! ఈ బ్యాండు తర్వాతి వీడియోలో తండ్రి వేషం వేసిన నటుడే టీచరై క్లాసులో అరుస్తాడు. పిల్లల్ని నోళ్లు మూసుకోమనేవాళ్లే జీతాల కోసం ఇది పాడుకుంటుంటే నాకు ముద్దొచ్చింది. మరి సెక్రటరీ పాడితే ఎందుకు మండాలి? ట్యాంకర్ రేటు అన్యాయమే. గేటు దగ్గర నిలబడి పోట్లాడిందీ ఆయనే, ఈయన కాదు. వార్డెన్ మేడమ్‌కు మాత్రం ఎంత జీతం ఇచ్చేవాళ్లో.

అలాగని ఎవరైనా వాడుకోవచ్చా అంటే అదీ కాదు. ఆస్ట్రేలియాలో గనుల కోటీశ్వరుడు క్లైవ్ పామర్ మాటలు కాస్త మార్చి తన పార్టీ ప్రకటనలకు వాడేశాడు. స్నైడర్ కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 2021లో పామర్‌కు 15 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల పరిహారం పడింది. అది బాగుంది. కానీ మాస్కులు పెట్టుకోబోమన్నవాళ్లకు ఈ పాట వద్దని, 2022లో ఉక్రెయిన్‌వాళ్లయితే సరేనని కూడా స్నైడరే అన్నాడు. ఎవరి మీద కోపమో పాటలో పేరు పెట్టకపోబట్టే కదా అది ఇన్ని దేశాలు తిరిగింది? ఇప్పుడు నువ్వు పాడు, నువ్వు పాడకు అంటే ఎలా? ఏమో, పాట రాసింది తను. నాకెందుకు.

నాకైతే సెనేట్ కథ కంటే దాని తర్వాతదే ఇష్టం. స్నైడర్ 1976లో బ్యాండులో చేరి, ఏళ్ల తరబడి క్లబ్బుల్లో గొంతు చించుకుంటే గానీ ఈ హిట్టు రాలేదు. అదీ అమెరికా పాటల చార్టు బిల్‌బోర్డులో 21వ స్థానం దగ్గరే ఆగింది. 1980ల చివరికల్లా బ్యాండు విడిపోయింది, ఆ తర్వాత చేతిలో డబ్బూ అయిపోయింది. సైకిల్ తొక్కుకుంటూ వెళ్లి గంటకు 5 డాలర్లకు ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేశాడు. రేడియో షో, బ్రాడ్‌వే నాటకం అన్నీ ఆ తర్వాతే. ఆ గొంతుతో ఫోనెత్తి "ఎవరండీ మాట్లాడేది" అని మర్యాదగా అడగడం ఊహించుకుంటుంటే నవ్వొస్తోంది. అక్కడి మేనేజరు ఒకప్పుడు కార్లో ఇదే పాట గట్టిగా పాడుకున్నవాడే అయ్యుండొచ్చు. సైకిల్ పది నిమిషాలు ఆలస్యమైతే గడియారం చూపించినవాడూ అయ్యుండొచ్చు.