తకిట తకిట తక

హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్‌కి ఆరు గంటల డ్రైవ్ అన్నాడు మా అబ్బాయి. దారిలో టైరు పంక్చరై, ఊళ్లో అడుగుపెట్టేసరికి చీకటి పడింది. జులై ఉక్కపోత విజయవాడకేం తీసిపోలేదు. ముందు కాఫీ తాగాం. అక్కడి కాఫీలో చికోరీ కలుపుతారు. రెండో గుక్కకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఆదివారం, కాంగో స్క్వేర్‌కి వెళ్లాం. ఇప్పుడది లూయిస్ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో ఒక మూల. పందొమ్మిదో శతాబ్దంలో బానిసలు ఆదివారాలు అక్కడే చేరి వాయిద్యాలు మోగించి ఆడేవారట. మేం వెళ్లేసరికి ఓక్ చెట్ల కింద ఐదారుగురు డ్రమ్ములు వాయిస్తున్నారు. చిన్నప్పుడు రెండేళ్లు మృదంగం నేర్చుకుని మానేసినవాణ్ణి. మోకాలి మీద వేళ్లు వాటంతటవే కదిలాయి: తకిట తకిట తక. ఎనిమిది లెక్కలకి, ఒక్కో ముక్క మొదట్లో ఒకటి చొప్పున, మూడు దెబ్బలు. 3, 3, 2.

కాంగా అనే పొడుగు డ్రమ్ము వాయిస్తున్న పెద్దాయన నా వేళ్లు చూసి నవ్వి, "హవానా" అన్నాడు. రెండో తకిట మధ్యలో ఇంకో దెబ్బ వేసి చూపించాడు. హవానా క్యూబా రాజధాని. అదే అక్కడి హబనేరా నాట్యం నడక. ఈ రేవుకీ హవానాకీ మధ్య ఓడలు తిరిగిన రోజుల్లో సరుకుతోపాటు పాటలూ దిగాయి. ఈ ఊరివాడే అయిన జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మార్టన్ 1938లో, జానపద పాటలు సేకరించే అలన్ లోమాక్స్ ముందు పియానో దగ్గర కూర్చుని, ఈ నడకని 'స్పానిష్ వాసన' అని, అది తగలకపోతే జాజ్‌కి రుచే రాదన్నాడు. మన భాషలో తాలింపన్నమాట! ఎడమ చేత్తో ఆ నడక వాయించి చూపించాడు కూడా.

నాకు అంతకన్నా నచ్చింది డేవ్ బార్తొలొమ్యూ సంగతి. ఇక్కడి ట్రంపెట్ వాద్యకారుడు. ఒక రుంబా (క్యూబా నాట్య సంగీతం) రికార్డులో బేస్ అనే మంద్రస్వర వాద్యం మీద ఇదే నడకలో వాయించిన ముక్క విని, 1949లో తన పాటలో దాన్ని శాక్సఫోన్లచేత వాయింపించాడు. ఆ తర్వాత బేస్, గిటార్, శాక్సఫోన్ మూడింటిమీదా కలిపి అదే వాయింపించాడు. రాక్ అండ్ రోల్‌లోకి ఆ నడక వచ్చిన దారుల్లో ఇదొకటి. రాక్ పుట్టుక చెప్పే పుస్తకాలు చాలావరకు అమెరికా నల్లవారి బ్లూస్ సంగీతం గురించి చెప్పి ఊరుకుంటాయి, క్యూబా పేరు పెద్దగా ఎత్తవు.

తిరుగు ప్రయాణంలో అబ్బాయి రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాట 'హౌండ్ డాగ్' పెట్టాడు. కింద బేస్ వింటే మళ్లీ అదే. డాష్‌బోర్డు మీద వాయిస్తూ కూర్చున్నాను. బ్యాటన్ రూజ్ దాటాక వాడే అన్నాడు:

"నాన్నా, ఇక ఆపు."