పొగ సన్నబడితే ఎన్ని జీబీలు?

నిన్న కొర్లగుంట నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, లోన్ తీసుకుని ప్రొఫెషనల్ గ్రాఫిక్స్ కార్డు కొందామనుకుంటున్నా. గేమింగ్ కార్డు వీఎఫ్‌ఎక్స్‌కు, అదే సినిమా గ్రాఫిక్స్ పనికి ఆగదంట కదా?" అని. నాకు గుండె గుభేలుమంది. ఆ లోన్ కాగితాల మీద సంతకం పెట్టొద్దని చెప్పి, నా కథ మొత్తం చెప్పాను.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో మా మేడ మీద గదిలో కూర్చుని, షాట్ల లెక్కన ఎఫ్‌ఎక్స్ చేస్తాను. నిప్పు, పొగ, దుమ్ము. 2023 ఫిబ్రవరిలో గడ్డివాము తగలబడే షాట్ వచ్చింది. అప్పట్లో నాది 12 జీబీ మెమరీ ఉన్న కార్డు. హౌడినీ అనే సాఫ్ట్‌వేర్‌లో పైరో సిమ్యులేషన్ (నిప్పు, పొగ ఎలా కదులుతాయో లెక్కించడం) జీపీయూ మీదే, అంటే గ్రాఫిక్స్ కార్డు మీదే బాగా నడుస్తోంది. అంతలో సూపర్‌వైజర్ "పొగ అంచులు ఇంకా సన్నగా రావాలమ్మా" అన్నారు. పొగను చిన్న చిన్న ఘనాలుగా విడగొట్టి లెక్కిస్తారు, ఒక్కో ఘనం ఒక వాక్సెల్. ఆ వాక్సెల్ సైజు సగం చేశాను. సగమే కదా అనిపిస్తుంది గానీ, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ సగమయ్యేసరికి వాక్సెల్స్ ఎనిమిదింతలు అవుతాయి. పక్క విండోలో మెమరీ అంకె చూస్తూ కూర్చున్నా. 40వ ఫ్రేముకు 7 జీబీ. 62కు 10. 71కి 11.6. 74వ ఫ్రేములో ఆగిపోయింది. పొగ ఇంకా వాము దాటి పైకి లేవనే లేదు. కార్డు వదిలేసి కంప్యూటర్ మామూలు ప్రాసెసర్ (సీపీయూ) మీదికి మార్చి రెండు రాత్రులు దాని పక్కనే కాపలా కాశాను. డెలివరీ టెన్షన్‌లో అన్నం సహించలేదు.

ఆ తర్వాత నాకూ అందరూ అదే చెప్పారు, ప్రొఫెషనల్‌దే కొనమని. స్పెక్స్ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ప్రొఫెషనల్ కార్డు ఆర్‌టీఎక్స్ ఏ5000లో 24 జీబీ, గేమింగ్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090లోనూ 24 జీబీ. నా షాట్ ఆగింది మెమరీ నిండడం వల్ల. 24 నిండితే రెండూ ఆగేవే, పైగా వేగంలో 4090 చాలా ముందుంది. రంగుల్లో సన్నని తేడాలు చూపే 10 బిట్ రంగుల కోసం ఒకప్పుడు క్వాడ్రో అనే ప్రొఫెషనల్ కార్డే కొనాల్సి వచ్చేది. 2019లో స్టూడియో డ్రైవర్లతో (కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) ఆ సౌకర్యం గేమింగ్ కార్డులకూ వచ్చేసింది.

ప్రొఫెషనల్ కార్డుల డబ్బు వృథా అని మాత్రం అనను. ఆర్‌టీఎక్స్ 6000 అడాలో 48 జీబీ ఉంది, మెమరీలో దొర్లే తప్పును దిద్దుకునే ఈసీసీ ఉంది, తాగేది 300 వాట్లే. వేడిని క్యాబినెట్ వెనక నుంచి బయటికి ఊదేస్తుంది కాబట్టి స్టూడియోవాళ్లు ఒకే మెషీన్‌లో మూడు, నాలుగు పెట్టుకోగలరు. రెండు 4090లు పెడితే 48 అవుతుందనుకోవద్దు. రెండు కార్డుల మెమరీని కలిపే ఎన్‌వీలింక్ వాటికి లేదు. సీను మొత్తం ఏ కార్డుకా కార్డులో పట్టాల్సిందే.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కరెంటు. 4090 అంటే 450 వాట్లు, ఏ5000 అయితే 230. ఎండాకాలం తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది, మా మేడ మీద స్లాబు రాత్రి పదిదాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. "అంత వేడిని గదిలో పెట్టుకుని నువ్వెక్కడ కూచుంటావమ్మా?" అని నాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. చివరికి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి 4090నే కొన్నాను, తిరుగు బస్సులో పెట్టె ఒళ్లోంచి దించలేదు. ఇంటికొచ్చాక పవర్ లిమిట్‌ను 70 శాతానికి, అంటే 315 వాట్లకు తగ్గించా. రెండరుకు, అంటే తుది బొమ్మ తయారవడానికి 9 నిమిషాలు పట్టే ఫ్రేము 9 నిమిషాల 35 సెకన్లు పట్టింది. ఆ 35 సెకన్లు ఇచ్చి, మే నెలలో గదిలో కూర్చోగలిగాను. యూపీఎస్ మాత్రం పెద్దది మార్చక తప్పలేదు.

ఇప్పుడు కొత్త గేమింగ్ కార్డు 5090లో 32 జీబీ వచ్చింది, కానీ 575 వాట్లు. ప్రొఫెషనల్ కార్డు ఆర్‌టీఎక్స్ ప్రో 6000 బ్లాక్‌వెల్‌లో ఏకంగా 96 జీబీ. పేర్లు మారినా నేను చూసే అంకెలు అవే: మెమరీ, వాట్లు.

తమ్ముడితో ఒకటే చెప్పాను. "నీ దగ్గరున్న అన్నిటికన్నా బరువైన సీను తెరువు. స్టూడియోలో ఫ్రెండ్ మెషీన్ మీద చివరి ఫ్రేము దాకా నడిపి, మెమరీ ఎంత దాకా పోయిందో రాసి పంపు" అని. రాత్రి పదకొండుకు మెసేజ్ పెట్టాడు: 9.2 జీబీ. 16 జీబీ గేమింగ్ కార్డు తీసుకుని, మిగిలిన డబ్బుతో కంప్యూటర్ ర్యామ్ 128 జీబీ చేసుకోమన్నాను.